తస్లీం పట్టీ

ముందు వినిపించింది అరుపు. మనిషిది కాదు, ఇంజనుది.

మేళాల్లో చెక్క పలకలతో గుండ్రంగా కట్టే మృత్యుబావిలో మోటారుసైకిల్ బండి గోడెక్కి తిరుగుతుంటే ఒక చప్పుడుంటుంది. నిలువు పలకలన్నీ ఒకదాని బరువు ఒకటి అందుకుంటూ గుమ్మని మోగుతుంటాయి. ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, రామ్‌గంగ ఒడ్డున మేళా ఇంకా పొగమంచులో ముడుచుకుని ఉండగా, ఆ చప్పుడు ఒక్క క్షణం తెగింది. తెగినచోట ఇంజను గొంతు చించుకుంది. వెంటనే దవడలు మూసుకున్నట్టు ఠక్కుమని మోత. మళ్ళీ గుమ్మని పలకలు.

ఆ చప్పుడుకి బావి కింది నుంచి ఒక మనిషి పాక్కుంటూ బయటికొచ్చాడు. పళ్ళ మధ్య రెండు మేకులు, చేతిలో సుత్తి, గడ్డం నిండా రంపపు పొట్టు. పేరు తస్లీం. యాభై ఆరేళ్ళు. ఎడమ చెవి పనిచేయడం మానేసి చాలా కాలమైంది. కుడి చెవి మాత్రం మూడు బళ్ళు ఒకేసారి తిరుగుతున్నా ఏ బండి దగ్గుతోందో చెప్పేది. ఇరవై రెండేళ్ళు తనే గోడెక్కాడు. కుడి మోకాలు రెండోసారి విరిగాక దిగిపోయి, అదే బావికి మెకానిక్కయ్యాడు. నడుస్తుంటే ఒళ్ళంతా అతుకులే నడుస్తున్నట్టుండేది.

ఆయన మేకులు అరచేతిలోకి ఉమ్మి తలుపు తీసి లోపలికెళ్ళేసరికి నగీనా చుట్లు తగ్గించుకుంటూ నేలమీదికి దిగుతోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. దిగి, ఇంజను ఆపి, ఆయన వైపు చూడకుండా జుట్టు ముడేసుకుంది.

"మూడో గేరు జారింది," అన్నాడు తస్లీం.

"జారలేదు చాచా. నా చెప్పు తగిలింది."

"నీ చెప్పులు అదిగో, మెట్ల దగ్గరున్నాయి."

నగీనా తన ఉత్త కాళ్ళకేసి చూసుకుంది. నవ్వబోయి ఆగిపోయింది. "ఎన్నాళ్ళనుంచో చిన్నగా జారుతోంది. పట్టీ తగిలించాక కూడా. చౌదరికి చెప్పకు చాచా, నీ కాళ్ళు మొక్కుతాను. బండి పక్కన పెడితే నాలుగింటి ఆటకి నన్ను మళ్ళీ బయటి స్టేజీ ఎక్కిస్తాడు."

బయటి స్టేజీ అంటే టిక్కెట్ల గది మీది చెక్కల అరుగు. జనాన్ని లాగడానికి అక్కడ ఆడపిల్లలు పాటలకు ఎగరాలి. నగీనా పదహారో ఏట నుంచి మూడేళ్ళు అక్కడ ఎగిరింది. కింది నుంచి చేతులు చీలమండలు పట్టి లాగేవి. కాలే బీడీలు పాదాల మీద పడేవి. ఒకసారి, తన వైపు చూసి నవ్వలేదని ఒకడు బ్లేడుతో ఆమె మడమ కోశాడు. రక్తం చెక్కల సందుల్లోంచి టిక్కెట్లమ్మేవాడి నెత్తిన పడేదాకా పాట ఆపలేదు బావి యజమాని చౌదరి. ఆ చలికాలం తస్లీమే ఆమెను బావిలోకి తీసుకొచ్చి బండెక్కించాడు. గోడ మీద తిరుగుతున్న ఆడదాని కాలు ఏ మగాడూ పట్టుకోలేడు. గోడ మీద ఉన్నంతసేపూ ఆమె ఎవరికీ అందదు.

ఇప్పుడు మూడో గేరు జారుతోంది. గోడ మీద బండిని నిలిపేది వేగం ఒక్కటే. పైన, గోడ అంచు కింద గీసిన ఎర్రగీత దగ్గర, చేతులు వదిలేసి పక్కకు కూర్చున్నప్పుడు గేరు జారితే వేగం చస్తుంది. బండి పద్దెనిమిది అడుగుల కిందికి రాయిలా దిగుతుంది. దాని కింద మనిషి ఉంటుంది.

"నాలుగింటి లోపు చూస్తాను," అన్నాడు తస్లీం. "బండి నాకొదిలెయ్."

డేరా వెనక గోనె పరిచి పని మొదలెట్టాడు. గేరు జారడానికి వంద కారణాలుంటాయి. ఆయన ఎప్పుడూ బయటి నుంచి లోపలికి వెళ్ళేవాడు, ముల్లు తీసేవాడిలా. ముందు క్లచ్ తీగ చూశాడు. వదులు సరిగ్గానే ఉంది. కాలితో తొక్కే గేరు పెడల్ అరిగి ఇరుసు మీద తిరుగుతోందేమోనని పట్టుకుని ఊపాడు. గట్టిగానే ఉంది. వెనక చక్రం పైకెత్తి, చేత్తో తిప్పుతూ ఒకటి, రెండు, మూడు వేశాడు. మూడు పడింది, కానీ పూర్తిగా పడలేదు. గడియ సగమే దిగిన తలుపులా ఉంది. చక్రాన్ని ముందుకీ వెనక్కీ గట్టిగా కుదిపాడు. నాలుగో కుదుపుకి ఠక్కుమని బయటికొచ్చేసింది.

ఆయిల్ దించాడు. నల్లటి ఆయిల్లో సన్నని మెరుపు, చేప పొలుసు నలిపి కలిపినట్టు. ఇనుము ఇనుమును తింటోంది.

ఇంజను దింపి, గుండెకాయ లాంటి గేర్ల డబ్బాను రెండుగా విడదీసేసరికి పన్నెండయింది. లోపల గేర్లను పక్కకు నెట్టి ఒకదానితో ఒకటి కరిపించే ఇనుప చీలిక ఒకటుంటుంది. మెకానిక్కులు ఫోర్కు అంటారు. మూడో గేరు ఫోర్కును గుడ్డతో తుడిచి ఎండలో పట్టుకున్నాడు.

ఒకవైపు నీలంగా ఉంది.

తస్లీం పుట్టింది రాంపూర్ కత్తుల గల్లీలో. తండ్రి మడతకత్తులు చేసేవాడు. ఇనుముకు ఎర్ర రంగు ఎప్పుడొస్తుందో, గడ్డి రంగు ఎప్పుడొస్తుందో, నీలం ఎప్పుడొస్తుందో కొలిమి పక్కన కూర్చుని నేర్చుకున్నాకే పద్నాలుగో ఏట ఇల్లొదిలి మేళాల వెంట పారిపోయాడు. ఆ నీలం మంటలో వచ్చింది కాదు. రాపిడిలో వచ్చింది. ఎవరో ఆ ఫోర్కును రోజుల తరబడి, నెలల తరబడి ఒకే వైపుకి నొక్కిపెట్టి ఉంచారు. అది తిరిగే గేరుకు ఒరుసుకుని, కాగి, బలం చచ్చి, ఒక పక్క కత్తి అంచంత పలచబడింది. అది పలచబడ్డాక గేరు పళ్ళు సగమే కరిచాయి. సగమే కరిచిన పళ్ళ మొనలు గుండ్రంగా అరిగాయి. అరిగిన పళ్ళు జారాయి.

ఎవరు నొక్కిపెట్టారు?

పక్కనే గోనె మీద, బండి నుంచి విప్పిన రబ్బరు పట్టీ పడుంది.

సైకిల్ ట్యూబు కోసి, ఒక కొస బండి చట్రానికి ముడేసి, ఇంకో కొసకు ఇనుప కొక్కెం. మూడో గేరు పడగానే ఎడం చేత్తో వంగి ఆ కొక్కెం పెడల్‌కు తగిలిస్తే, పట్టీ పెడల్‌ను లాగిపట్టి కదలనివ్వదు. ముప్పై ఏళ్ళ కిందట గేర్లు జారుతున్న ఒక ముసలి బండి కోసం తస్లీం దాన్ని కనిపెట్టాడు. ఆ బండి ఆ సీజనంతా జారలేదు. రెండేళ్ళలో గంగ నుంచి ఘాఘ్రా నది దాకా ప్రతి బావిలో ప్రతి బండికీ ఆ పట్టీ వచ్చేసింది. దాని పేరే తస్లీం పట్టీ. దానికొక కట్టుబాటు కూడా పుట్టింది. కొక్కెం తగిలించుకునేది గోడెక్కినవాడే అయినా, పట్టీని చట్రానికి తన చేత్తో తాను కట్టుకోకూడదు. తోటివాడు కట్టాలి. ప్రాణం ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోవడం అది.

తస్లీం తమ్ముడు నసీమ్ పట్టీని ఆ రోజు అదే బావిలో బండెక్కే పప్పన్ కట్టాడు.

హర్దోయి వైపు ఒక మేళాలో, పదిహేడేళ్ళ కిందట. ఎర్రగీత దగ్గర నసీమ్ చేతులు చాచి తిరుగుతుండగా ఇంజను ఇలాగే గొంతు చించుకుంది. ఠక్కుమనే మోత మాత్రం రాలేదు. నసీమ్ ఛాతీ మీద బండి పడింది. నోట్లోంచి రక్తం బుడగలు బుడగలుగా వస్తుంటే ఏదో చెప్పబోయాడు. బుడగలు తప్ప మాట రాలేదు. పట్టీ కొక్కెం ఊడి వేలాడుతోంది. వదులుగా కట్టాడన్నారు ఎవరో. ఆ మాట గాల్లో ఉండగానే తస్లీం పెద్ద స్పానర్ అందుకున్నాడు. పప్పన్‌కి అప్పటికి ఇరవై రెండేళ్ళు. చేతులు అడ్డం పెట్టుకున్నాడే గానీ తిరిగి కొట్టలేదు. "గట్టిగానే కట్టాను ఉస్తాద్, గట్టిగానే కట్టాను" అంటూనే ఉన్నాడు, ఆ మాటలు పలకడానికి పళ్ళు మిగిలినంతసేపూ.

ఆ రాత్రి తస్లీం తమ్ముడి బండి విప్పాడు. అందులోనూ ఫోర్కు మీద నీలం చూశాడు. పడ్డప్పుడు నిప్పంటుకుని ఉంటుందనుకున్నాడు. నిప్పు ఎక్కడా అంటుకోలేదని ఆయనకు తెలుసు. తెలిసినా అలాగే అనుకుని, ఆ ముక్కను నదిలో పారేశాడు.

పప్పన్ ఎక్కడికీ పోలేదు. పోతే పనిలో పెట్టుకునే బావి లేదు. పట్టీ వదులుగా కట్టినవాడన్న పేరు మేళా నుంచి మేళాకి వాడికన్నా ముందే చేరేది. పదిహేడేళ్ళుగా అదే డేరాలో పడుకుంటూ, అదే కుండలో పప్పు తింటూ, తస్లీంతో అవసరమైనంతే మాట్లాడుతూ బండి నడుపుతున్నాడు. ఆ పదిహేడేళ్ళలో ఒక్కడు కూడా వాడి చేత పట్టీ కట్టించుకోలేదు.

 వేరే దారి లేక తస్లీం అన్నీ యథాస్థానంలో పెట్టి ఇంజను మూసేశాడు. కొత్త ఫోర్కు బరేలీలో తప్ప దొరకదు, ఆదివారం బరేలీ కొట్లు తెరవరు. రెండింటికి చౌదరి దగ్గరికెళ్ళాడు.

చౌదరి హోరాం సింగ్ టిక్కెట్ల గది ముందు కుర్చీలో కూర్చుని చెరకు నములుతున్నాడు. పక్కన నగీనా. కాస్త దూరంలో పప్పన్ తన బండి చెయిన్‌కి ఆయిల్ పూస్తున్నాడు.

"నగీనా బండి నాలుగింటికి ఎక్కదు చౌదరీ సాబ్. మూడో గేరు చచ్చింది."

నగీనా చేతిలో ఉన్న స్టీలు గ్లాసు ఆయన మొహం మీదికి విసిరింది. అది కనుబొమ్మ చీల్చింది. "చెప్పొద్దన్నానుగా! కాళ్ళు మొక్కానుగా! నువ్వూ వాళ్ళలాంటోడివే!"

"పట్టీ ఉందిగా," అన్నాడు చౌదరి పిప్పి ఉమ్మేస్తూ. "పట్టీ కట్టాక గేరెలా జారుద్దయ్యా? నీ పేరు పెట్టుకున్న పట్టీనే నువ్వు నమ్మవా?"

"పట్టీ వల్లే చచ్చింది."

చౌదరి లేచాడు. చేతిలో చెరకుగడ ఉంది. దాంతో తస్లీం చెంప మీద ఒకటి, మంచి చెవి మీద ఇంకొకటి కొట్టాడు. "ఆదివారం. పది ఊళ్ళ జనం దిగుతున్నారు. ముసలోడివని ఊరుకుంటే నాకు గేర్ల పాఠం చెప్తావా? అది ఎక్కితే బండెక్కుతుంది, లేదా స్టేజీ ఎక్కుతుంది. మూడోది లేదు. పట్టీ బిగించు, పో."

"నేను బండే ఎక్కుతా," అంది నగీనా. "పట్టీ నేనే కట్టుకుంటా. ఈ ముసలాడి చెయ్యి దాని మీద పడనివ్వను."

కనుబొమ్మ నుంచి రక్తం కంట్లోకి దిగుతోంది. చెవిలో తేనెటీగల గుంపు లేచింది. ఆ పిల్ల నమ్మాలంటే ఒక్కటే మాట మిగిలింది. ఆ మాట అనాలంటే తలతిప్పి పప్పన్ వైపు చూడాలి. తస్లీం చూశాడు.

"నగీనా, నసీమ్‌ని చంపింది వదులు పట్టీ కాదు," అన్నాడు. "పట్టీయే. అది లాగి లాగి లోపల ఫోర్కును కాల్చి తినేసింది. నీ బండిలో ఉన్నట్టే అప్పుడు వాడి బండిలోనూ నీలం తిరిగింది. ఆ రాత్రే చూశాను. చూసి నదిలో పారేశాను. పప్పన్ గట్టిగానే కట్టాడు. ఎంత గట్టిగా కడితే అంత తొందరగా చస్తుంది అది."

పప్పన్ చెయిన్ వదిలేసి నిలబడ్డాడు. ముందు పళ్ళు లేక లోపలికి పోయిన పెదవులు ఒకసారి కదిలాయి. "మళ్ళీ చెప్పు ఉస్తాద్."

"నువ్వు గట్టిగానే కట్టావు."

"అది నాకు తెలుసు. చూశానన్నావే, అది చెప్పు. ఎప్పుడు చూశావు?"

"ఆ రాత్రే."

పప్పన్ వచ్చిన వేగానికి కుర్చీ ఎగిరిపడింది. మొదటి దెబ్బ నోటిమీదే పడింది. తస్లీం చేతులు అడ్డం పెట్టలేదు. రెండోదానికి కూలబడ్డాడు. ఆపైన పప్పన్ కాళ్ళతో తన్నాడు, డొక్కలో, వీపు మీద, అతుకులున్న మోకాలి మీద. తన్నుతూ ఏడుస్తున్నాడు. పళ్ళులేని నోటి నుంచి వచ్చే ఆ ఏడుపు సగం ఈలలా ఉంది. "పదిహేడేళ్ళు! పదిహేడేళ్ళు ఒక్కడు నా చేత ముడి వేయించుకోలేదు! నా తమ్ముడు కూడా! వాడి పెళ్ళిలో కొంగుముడి వెయ్యబోతే 'వదిలెయ్ భయ్యా, వదులైపోద్ది' అన్నారు, నవ్వారు!" అని అంటూ, 'వదులు' అన్న ప్రతిసారీ తన్నాడు. చౌదరి మనుషులు ఇద్దరు పట్టి లాగబోయారు. ఒకడి ముక్కు పగిలింది. జనం టిక్కెట్ల వరస వదిలి ఇటు మూగారు. ఎవరో ఇదీ ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

ఆపింది నగీనా. తస్లీం మీద అడ్డంగా పడిపోయింది. పైకెత్తిన పప్పన్ కాలు గాల్లోనే ఆగిపోయింది.

"చాచా చచ్చిపోతే నువ్వు గట్టిగా కట్టావని చెప్పేవాడుండడు భయ్యా," అంది. "నాకు నమ్మకం కలిగింది. దెబ్బలు తినడానికి ఎవడూ అలాంటి అబద్ధం చెప్పడు."

తస్లీం మట్టిలోకి రక్తం ఉమ్మాడు. అందులో ఒక పన్ను ఉంది. నోరు వాచి మాట నలిగిపోతుంటే, "రెండో గేరు," అన్నాడు. "రెండులో ఎక్కు. అది అరగలేదు. ఏడు చుట్లు. చేతులు వదలొద్దు. ఏడు దాటితే ఇంజను కాగి పట్టేస్తుంది."

రెండో గేరులో గోడెక్కడమంటే బావిలో సిగ్గుచేటు. నేర్చుకునేవాళ్ళు ఎక్కుతారలా. బండి కుక్కలా ఏడుస్తుంది, గుమ్మనే మోత రాదు, ఎర్రగీత దరిదాపులకు పోవడం కష్టం. చౌదరి నోరు తెరవబోయాడు. పప్పన్ తన బండి దగ్గరికెళ్ళి, నడుం దగ్గరి కత్తి తీసి, తన పట్టీని ఒక్క కోతతో తెంపి చౌదరి కాళ్ళ దగ్గర పడేశాడు.

"అది రెండులో ఎక్కుతుంది," అన్నాడు. "నేనూ రెండులోనే ఎక్కుతా. కాదంటే ఇద్దరం ఎక్కం. పది ఊళ్ళ జనానికి మీరే ఎక్కి చూపించండి చౌదరీ సాబ్. మీ బరువుకి గోడ ఆగితే."

చౌదరి జనాన్ని చూశాడు, కుర్చీని చూశాడు. "జనం రాళ్ళేస్తే మీ నెత్తి మీదే పడతాయి," అని వెళ్ళిపోయాడు.

నాలుగింటికి బావి చుట్టూ అంచు మీద జనం గింజల్లా కిక్కిరిశారు. తస్లీం నడవలేకపోతే పలకల కింద పడుకోబెట్టారు. మంచి చెవిలో తేనెటీగలు ఇంకా తగ్గలేదు. చెవితో పనిలేదు, పలకకు వీపు ఆనించి చుట్లు లెక్కపెట్టాడు.

నగీనా రెండులో ఎక్కింది. బండి ఏడ్చింది. మూడో చుట్టుకి పై నుంచి నవ్వులు. నాలుగో చుట్టుకి వేరుశనగ తొక్కలు, చెరకు పిప్పి. "ఏయ్, దిగి డాన్స్ చెయ్యవే, అది వచ్చు నీకు!" అని ఒకడు అరిచాడు. ఐదు. ఆరు. ఏడో చుట్టు దగ్గర ఆమె దిగలేదు. ఎనిమిదో చుట్టులో ఆ అరిచినవాడున్న వైపుకి, అంచుకి జానెడు దూరం దాకా బండిని ఎక్కించింది. వాడు వెనక్కి పడ్డాడు. వాడి మీద పదిమంది పడ్డారు. అప్పుడు దిగడం మొదలెట్టింది. సిలిండరు నుంచి నీలి పొగ. పదో చుట్టులో, నేలకు నిలువెత్తు మనిషంత దూరంలో, ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుంది. బండి ఆమెను విసిరికొట్టింది. భుజం నేలకు తగిలిన చోట ఎముక విరిగిన చప్పుడు అంచుమీది జనానికి కూడా వినిపించింది. మూడులో, ఎర్రగీత దగ్గరయితే అది వెన్నెముక చప్పుడయ్యేది.

ఆమె కూర్చుంది. కుడి చేయి వేలాడుతోంది. ఎడం చేత్తో మొహం మీది చెరకు పిప్పి తీసి, పైకి విసిరింది. పప్పన్ పరుగున వచ్చి తలపాగా గుడ్డ విప్పి ఆమె చేతిని మెడకు కట్టాడు. ముడి వేస్తూ ఒకసారి ఆగాడు. "గట్టిగా కట్టు భయ్యా," అంది నగీనా.

చౌదరి ఆ వారమే కొత్త పిల్లను తెచ్చాడు. పట్టీలూ మళ్ళీ వచ్చాయి, ఎందుకంటే ఫోర్కులు మార్చడం కన్నా ట్యూబు ముక్క కోయడం తేలిక. నగీనా ఎముక అతికాక వేరే బావిలో చేరి, రెండో గేరులోనే ఆడుతోందని ఒక మాట. తస్లీం మోకాలు మాత్రం అతకలేదు. రాంపూర్ తిరిగొచ్చి, తండ్రి కొలిమి ఉన్న గదిలోనే ఉండిపోయాడు. రెండో చెవి కూడా పోయింది. ఏదైనా అడగాలంటే పలక మీద రాసి చూపించాలి.

ఆయన బతుకు రాసుకోవడానికి వెళ్ళినవాడికి ఆయన మూడు రోజులు ఓపిగ్గా అన్నీ చెప్పాడు, బళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు, విరిగిన ఎముకలు. మూడో రోజు మధ్యాహ్నం చీకటి గదిలో గోడకానుకుని, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. సెలవు తీసుకుని గడప దాటుతుంటే వెనక నుంచి, చెవిటివాళ్ళు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో కేకేశాడు.

"ఇదిగో, విను. ఈద్‌కి పప్పన్ వచ్చాడు. ఏం మాట్లాడలేదు. సేమియా పెడితే తిన్నాడు. పళ్ళు లేవుగా, మెల్లగా తిన్నాడు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. నా గురించి ఏదైనా రాసుకో, ఎలాగైనా రాసుకో. వాడు ఆ రోజు పట్టీ గట్టిగానే కట్టాడని మాత్రం రాయి."